లచ్చవ్వ కోసం ఖానాపూర్ దాకా

నెల రోజులుగా మా అమ్మ సరిగా తినడం లేదు. తనకు ఊహ తెలియకముందే తల్లి పోతే, కరీంనగర్‌లో ఉన్న పెద్దమ్మ తెచ్చుకుని పెంచింది. తల్లి పేరు లచ్చవ్వ అని ఆమె చెబితేనే అమ్మకు తెలుసు. నెల కిందట ఖానాపూర్ నుంచి మా తాత తమ్ముడి కొడుకు ఫోన్‌లో పంపిన పాత పొలం కాగితంలో మాత్రం తాత భార్య రాజవ్వ అని ఉంది. అంటే తాతకు ఇంకో పెళ్లి అయిందా? లచ్చవ్వను వెళ్లగొట్టారా? అమ్మకు అదే రంధి.

ఫోన్ చేసి అడుగుతానంటే ఒప్పుకోలేదు. "ఫోన్ల ఎవలన్న నిజం చెప్తరా? మొకం చూసి అడుగు" అంది. ఆదివారం బయలుదేరాను.

పొద్దున ఆరున్నరకు కరీంనగర్‌లో బస్సు దొరికింది. ఆధార్ చూపిస్తే ఆడవాళ్లకు జీరో టికెట్, కాబట్టి దారి ఖర్చు లేదు. జగిత్యాలలో ఇడ్లీ తిన్నాను. చట్నీ సంగతి అడక్కండి. మెట్‌పల్లిలో బస్సు మారితే, పక్క సీటావిడ నా కథంతా రాబట్టింది.

"సచ్చిపోయిన మనిషి కోసం గింత దూరమా? మా ఇంటాయన దుబాయ్‌ల బతికే ఉన్నడు, నేనే సూడక మూడేండ్లాయె" అని నవ్వింది. నాకూ నవ్వొచ్చింది. గోదావరి వంతెన మీద తనొక రూపాయి బిళ్ల నీళ్లలోకి విసిరి, ఇంకోటి నా చేతిలో పెట్టింది. "మీ అమ్మమ్మ పేరు చెప్పి ఎయ్యి."

ఏ పేరు చెప్పాలో తెలియక ఊరికే వేశాను.

పదకొండింటికి ఖానాపూర్‌లో దిగి, ఆటోకు యాభై ఇచ్చి ఇల్లు చేరాను. తాత తమ్ముడి భార్య గంగవ్వ ఉంది; ఆ తరంలో మిగిలింది ఆమె ఒక్కతే. మంచీచెడూ అడగకముందే మక్క గట్క, పచ్చిపులుసు పెట్టించింది. ముద్ద నోట్లో ఉండగానే అడిగేశాను.

"రాజవ్వ ఎవరమ్మమ్మా?"

"మీ అమ్మమ్మనే."

"మరి లచ్చవ్వ?"

"ఆమెనే బిడ్డా! మా అత్త పేరు గూడ లచ్చవ్వనాయె. మొగడు పెండ్లాన్ని తల్లి పేరుతోటి ఎట్ల పిలుస్తడు? గందుకే ఇంట్ల అడుగుపెట్టిన నాడే పేరు మార్చిన్రు."

వెళ్లగొట్టారేమోనని అమ్మకున్న అనుమానం చెబితే, కోడలితో ఇత్తడి బిందె తెప్పించింది. మా అమ్మమ్మకు పుట్టింటివాళ్లు పెట్టినదట. మూతి కింద చుక్కలుగా కొట్టిన పేరు లచ్చవ్వ. దాని కిందే, కాస్త వంకరగా, రాజవ్వ.

"అత్త సామాన్లల్ల కలుస్తదని మళ్ల కొట్టిచ్చుకున్నది. అక్కను ఎవలు ఎల్లగొడ్తరు? గీ బిందెతోటే నీళ్లు మోసింది, చేన్ల కలుపు తీసింది, జరమొచ్చి గిదే ఇంట్ల నా చేతులల్ల పోయింది. మా బావ మళ్ల పెండ్లి ముచ్చటే ఎత్తనియ్యలే. ఫికర్ చెయ్యద్దని మీ అవ్వకు చెప్పు."

హమ్మయ్య అనుకున్నాను. అక్కడినుంచే అమ్మకు ఫోన్ చేసి చెప్పాను. బిందె మీది పేర్లు రెండుసార్లు చెప్పించుకుంది. ఆఖరికి, "బిందె ఇస్తదేమో అడుగు" అంది.

నేను అడగకముందే గంగవ్వ దాన్ని సంచిలో పెట్టించింది.

మూడింటి బస్సులో ఒళ్లో బిందెతో కూర్చున్నాను. "మీకు జీరో, బిందెకైతే టికెట్ పడ్తది మేడం" అని కండక్టర్ ఆటపట్టించాడు. వంతెన రాగానే ఇంకో బిళ్ల వేశాను, ఈసారి రెండు పేర్లూ చెప్పి. ఇంట్లో పాత ఇత్తడి ఉన్నవాళ్లు, అమ్మేసేముందు మూతి కింద ఒకసారి చూసుకోండి.

జగిత్యాల దాటాక అమ్మ ఫోన్ చేసింది, బిందె సొట్ట పడకుండా తెమ్మని.

"తిన్నావా?" అని అడిగాను.

"తిన్న. మళ్లొకసారి పెట్టుకున్న."