జింక కూర

ఇరాక్ సైన్యం కువైట్‌ను ఆక్రమించినప్పుడు నేను వఫ్రాలో ఒక తోటలో పనిచేసేవాణ్ణి. మాకు వీసా ఇచ్చిన కఫీల్, ఆ తోట యజమాని, పారిపోతూ తన పాత వేట తుపాకీని వదిలేసిపోయాడు. కొన్నాళ్లకు తిండి అయిపోతే, వేటకని ఆ తుపాకీ తీశాను.

"వద్దన్నా, చప్పుడింటే సోల్జర్లొస్తారు" అన్నాడు నాతో పనిచేసే రాయచోటి ఖాదర్. నేను వినలేదు. ఎడారిలో ఒక జింకను కొట్టాను. ప్రాణం పోకముందే హలాల్ చేయాలని ఖాదర్ పరిగెత్తి దాని గొంతు కోశాడు.

అంతలో జీపు వచ్చింది. నేను తుపాకీ కింద పడేశాను.

"కాల్చింది ఎవరు?" అని సైనికులు అడిగారు. నెత్తురు ఖాదర్ చేతులకుంది. అతన్నే లాక్కెళ్లారు. వెళ్తూ నా వైపు చూశాడు. నేను నోరు తెరవలేదు.

వారం తర్వాత కుంటుకుంటూ వచ్చి, "నాకేమన్నా కూర మిగిల్చినావాన్నా?" అని నవ్వాడు.

"పూడ్చిపెట్టేసినా" అన్నాను.

అబద్ధం. ఆ సాయంత్రమే వండుకుని తిన్నాను. అతన్ని తీసుకెళ్తుంటే తెరవని నోరు, కూర ముందు తెరిచాను.