దొరకు పెట్టిన పురుగులు

మింగలేక, కక్కలేక ఏళ్ల తరబడి మోస్తున్న మాట ఒకటుంది. చిన్న మాటే. "లేదు" అన్నాను, అంతే. దానివల్ల ఒక పెళ్లి ఆగిపోయింది. ఆగినందుకు లోలోపల సంతోషించాను కూడా. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే చెప్పగలుగుతున్నాను.

మాది నేరేడ్‌మెట్. ఇంట్లో నేనూ, మా తమ్ముడూ. అమ్మానాన్నలు పోయాక వాణ్ణి నేనే పెంచాను. నా పెళ్లి ఊసు ఎవరూ ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. వాడు ఒక ఊసరవెల్లిని పెంచేవాడు. మన కంచెల మీద కనబడేది కాదు, బయటి దేశపు జాతి, పంజరంలోనే పుట్టింది. ఒక్కో అడుగూ ముందుకూ వెనక్కీ ఊగి ఊగి వేస్తుందని దానికి దొర అని పేరు పెట్టాడు. నాకేమో చూస్తేనే ఒళ్లు జలదరించేది. దాని ఒక కన్ను పురుగు మీద ఉంటే ఇంకో కన్ను నా మీద ఉండేది.

దొర తినేది మీల్‌వార్మ్స్ అనే బతికున్న పురుగుల్ని. సీతాఫల్‌మండిలో సునీత అనే అమ్మాయి వాటిని ఇంట్లోనే, గోధుమ పొట్టు పోసిన టబ్బుల్లో పెంచి అమ్మేది. మా వాడు పురుగుల కోసం వెళ్లి వెళ్లి, చివరికి డబ్బా నిండుగా ఉన్నా వెళ్లడం మొదలుపెట్టాడు. నాకు అర్థం కాలేదా? అయింది. ఒక ఆదివారం ఆమెను ఇంటికి తీసుకొచ్చాడు. మంచిపిల్ల. వస్తూనే డబ్బా మూత తీసి, పొట్టులో క్యారెట్ ముక్క వేస్తూ, "వీటికి మంచిది పెడితెనే దొరకు సుత మంచిగుంటది అక్కా" అంది. పెళ్లయ్యాక అక్కడే, ఆ టబ్బులున్న ఇంట్లోనే ఉంటామని ఇద్దరూ చెప్పారు. నేను నవ్వి టీ పోశాను.

తర్వాత కొన్నాళ్లకు వాడు ఆఫీసు ట్రైనింగ్‌కని ఊరెళ్లాడు, దొరను నాకు అప్పగించి. పురుగుల్ని కప్పులో వేసి, కాల్షియం పొడి చల్లి, తెల్లగా అయ్యేదాకా కుదిపి పెట్టమన్నాడు. ఆ పొడి ప్యాకెట్టు చిరిగి ఉంటే ఖాళీ కాఫీ సీసాలోకి ఒంపాను. నా వంటింట్లో ఏదీ ప్యాకెట్లో ఉండదు. సీసాల మీద పేర్లూ ఉండవు. నా వంటిల్లు నాకు తెలియదా అన్న పొగరు. బియ్యానికి పురుగు పట్టకుండా కలిపే బోరిక్ పౌడర్ కూడా సరిగ్గా అలాంటి సీసాలోనే ఉండేది.

పురుగుల్ని చంపే పొడిని పురుగులకే పట్టించి దొరకు పెట్టాను. ఒక్కసారి కాదు, పెట్టిన ప్రతిసారీ. దొర పట్టపగలే కళ్లు మూసుకోవడం మొదలుపెట్టింది. నిద్రేమో అనుకున్నాను. పచ్చటి ఒళ్లు మసిబారింది. వాతావరణం పడలేదేమో అనుకున్నాను. తమ్ముడు వచ్చేసరికి కొమ్మను పట్టుకునే ఉంది, ప్రాణం మాత్రం లేదు.

వాడు ఏడ్చిన ఏడుపు అమ్మ పోయినప్పుడు కూడా ఏడవలేదు. ఆ మధ్యే సునీత పొట్టు తెచ్చే దుకాణం మార్చింది. ఆ పొట్టులో పురుగుమందేదో ఉందని, చూసుకోకుండా తెచ్చిందని వాడికి గట్టి అనుమానం పట్టుకుంది. మర్నాడు నేను బియ్యంలో కలుపుదామని బోరిక్ సీసా తీశాను. అడుగంటింది. పక్కన కాల్షియం సీసా నేను ఒంపినంతా అలాగే ఉంది. దొరకు ఏ సీసాలోది పెట్టానో అప్పుడు తెలిసింది. రెండు సీసాలూ ఒంపేసి, కడిగి బోర్లించాను. ఎందుకు కడిగాను? అప్పటికి నన్నెవరూ ఏమీ అడగలేదు కదా? తెలియక చేసింది పొరపాటే, ఒప్పుకుంటాను. మరి ఆ కడగడం?

వాడు లేనప్పుడు సునీత వచ్చింది. చెప్పులు విడిచి గుమ్మంలోనే నిలబడింది.

"పొట్టుల మందుంటే ముందు పురుగులే చస్తయి గద అక్కా. ఆయన వింటలేడు. నువ్వేమన్న వేరేది కలిపినవా? నిన్ను అంటలేను. జెర యాది చేసుకొని చెప్పు."

"లేదు" అన్నాను.

ఆమె నా మొహంలోకి చూసింది. "నువ్వు చెప్తున్నవంటే అంతే అక్కా. అట్లయితె నాకు తెల్వకుంట నా దగ్గరనే ఏదో తప్పైంది" అని చెప్పులు వేసుకుంది.

వాదించి ఉంటే బాగుండేది. తిట్టినా బాగుండేది. నా మాట నమ్మి ఇంటికి వెళ్లి, టబ్బులన్నిట్లో మరిగే నీళ్లు పోసిందట. ఇంకో ప్రాణికి అవి పెట్టకూడదని. ఈ సంగతి తమ్ముడే చెప్పాడు, "చూసినవా, తప్పు ఒప్పుకున్నట్టే గద" అంటూ. నేను తల ఊపాను. తప్పు పొట్టుది కాదు, నాది. ఆ తల ఊపిందీ నేనే.

ఇప్పుడు వాడి జుట్టు నెరుస్తోంది. మళ్లీ ఏ ప్రాణినీ పెంచలేదు, పెళ్లి మాట ఎత్తనివ్వడు. "నువ్వున్నవ్ గద అక్కా, చాలు" అంటాడు. నేను కోరుకున్నది ఇదే కదా? అన్నం వడ్డిస్తుంటే ఒక్కోసారి వాడు ఒక కంటితో కంచాన్నీ, ఇంకో కంటితో నన్నూ చూస్తున్నట్టు అనిపిస్తుంది. గరిటె గిన్నెలో పెట్టేసి వంటింట్లోకి వెళ్లిపోతాను.

ఒక్కటి మాత్రం చెప్పాలి. దొర తినగా మిగిలిన పురుగుల డబ్బాను పారేయమని వాడన్నాడు. నేను పారేయలేదు. మేడ మీద, నీళ్ల ట్యాంకు నీడలో దాచాను. చస్తాయేమో, చస్తే సునీతదే తప్పని నాకూ నమ్మకం కుదురుతుందేమో అని చూశాను. చావలేదు. నల్లటి పెంకుపురుగులయ్యాయి, గుడ్లు పెట్టాయి, మళ్లీ పురుగులయ్యాయి. ఈనాటికీ పొట్టు మారుస్తూ, క్యారెట్ ముక్కలు వేస్తూ ఉన్నాను. మోండా మార్కెట్‌లో క్యారెట్లు ఏరుకుంటుంటే ఎవరైనా వెనక నుంచి "అక్కా" అంటే, తిరిగి చూడటానికి భయం.

మూత తీస్తే పొట్టులో సన్నగా గరగరమంటాయి. సునీత పురుగులు మంచివేనని ఊళ్లో ఎవరి దగ్గరా లేని రుజువు నా దగ్గరే ఉంది. తమ్ముడికి ఇంకా చెప్పలేదు. చెబుతానో లేదో తెలియదు. ఆ రోజు గుమ్మంలో ఆమె అడిగినదానికి జవాబు మాత్రం ఇక్కడ రాస్తున్నాను.

కలిపిన, సునీతా. నేనే కలిపిన.