గట్టిదా, మెత్తదా

పొట్టేలును కొనేటప్పుడు అందరూ పళ్ళు చూస్తారు. నేను వెనక కూర్చోని బీజాలు పట్టి చూస్తా. రెండూ సమంగా, నునుపుగా ఉండల్ల. యాడన్నా గట్టిగా గడ్డ తగిలిందా, ఇంక దాని మొగం కూడా చూడను. అది మందకు పనికిరాదు. నిడుగల్లు పక్క గొర్రెలోళ్ళు నన్ను పిలిపించుకోని మరీ చూపిస్తారు. ఈ చెయ్యంటే నాకు అంత పొగరు.

అట్లాంటి నాకే ఒకరోజు స్నానం చేస్తావుంటే ఎడమ బీజం కాడ శెనక్కాయ గింజంత గడ్డ తగిలింది.

ఇంకేముంది, పైప్రాణాలు పైనే పోయినాయి. నా చెయ్యి చెప్పినాక నమ్మకుండా ఎట్లుంటా? క్యాన్సరే అనుకున్నా. రెండు నెల్లు నోరు విప్పలేదు. తిరుమణి దగ్గర మా భూమి సోలారు కరెంటోళ్ళకు ఇచ్చేసినాం, వాళ్ళ కంచె పక్కనే గొర్రెల్ని వదిలి, తుమ్మచెట్టు కింద కూర్చోని రోజుకు పదిసార్లు పట్టి చూసుకుంటావుంటి. ఎవురికని చెప్పుకునేది? అదేమన్నా పంటినొప్పా?

కడాకు నా పెండ్లామే పట్టేసింది. "ఏమప్పా, ఏంది కథ? తిండి లేదు, మాట లేదు, ఎప్పుడు చూసినా ఆడనే చెయ్యి!" అని నిలేసింది. చెప్పేసినా. ఒక్క మాట తిట్టలేదు. మరుసటిరోజు పొద్దున్నే పావగడ ఆస్పత్రికి లాక్కపోయింది. ఆడ డాక్టరు చేత్తో చూసి, రక్తం తీపిచ్చి, తుమకూరులో స్కానింగుకు రాసిచ్చినాడు.

తుమకూరులో స్కానింగు చేసేది ఆడమనిషి. ఓరి దేవుడా అనుకున్నా. పంచె తియ్యమంటే గోడపక్కకు తిరిగినా. "నాకిది రోజూ ఉండే పనే, సిగ్గుపడొద్దు" అనింది ఆ డాక్టరమ్మ. చల్లని జెల్లు పూసి, చేతిలో మిషన్ ఆనించి చూసింది. గడ్డ కనపడిందంట. "ఇప్పుడు అది గట్టిదా, మెత్తదా చూస్తా. ఎలాస్టోగ్రఫీ అంటారు దీన్ని" అనింది.

"దానికి మిషనెందుకమ్మా? మా పొట్టేళ్ళకు నేను చేత్తోనే చూస్తా. ఇది గట్టిదే" అన్నా.

ఆమె నవ్వింది. "నీ వేలికి తెలిసేది పైపైనే గదప్పా. లోపల ఏది ఎంత నొక్కుకుంటాదో ఇది రంగుల్లో చూపిస్తాది" అని మెల్లగా ఒత్తి చూసింది.

తెరమీద గడ్డ ఉండేచోట ఎర్రగా వచ్చింది. మా సోలార్ కంచెకు కట్టిన డేంజర్ బోర్డులన్నీ ఎరుపే. అయిపోయింది నా పని అనుకోని కండ్లు మూసుకున్నా.

"కండ్లెందుకు మూసుకుంటావు? ఈ మిషన్లో ఎరుపంటే మెత్తది. గట్టిదైతే నీలంగా వస్తాది" అనింది. "గడ్డ బీజంలో లేదు, దాని వెనక గొట్టంలో ఉండాది. పాత వాపు మిగిలిపోయినట్లుంది. రక్తపరీక్షలూ బాగుండాయి. క్యాన్సర్ లాగా లేదు. మూడు నెల్లకు మళ్ళీ రా, చూద్దాం."

బయటికి ఉరికినా. పెండ్లాం బెంచీమీద కొంగు నోట్లో కుక్కుకోని కూర్చోనుండాది. "మెత్తగా ఉండాదంట మే! మెత్తదే!" అని కేక పెట్టినా. వరండాలో జనమంతా తిరిగి చూసినారు. చూసుకోనీ, నాకేం! రెండు నెల్లు దాచుకున్న సిగ్గు ఆ ఒక్క కేకతో పోయింది.

బస్సు మధుగిరి దాటినాక ఆమె అడిగింది. "అన్ని దినాలు నాకెందుకు చెప్పలేదప్పా?"

"గడ్డ తగిలిన పొట్టేలును నేనేం చేస్తానో నీకు తెలుసు గదా మే. ఇంక పనికిరానని నువ్వు..." అని ఆగిపోయినా.

నా మొగం పక్క చూసింది. ముక్కు చీదింది. "నేనేమన్నా నిన్ను సంతలో పట్టి చూసి తెచ్చుకుంటినా?" అనింది.

ఆమె భుజంమీద తల పెట్టి పావగడ దాకా నిద్రపోయినా. ఆ గడ్డ తగిలినాక నేను నిద్రంటూ పోయింది అప్పుడే.