నేను తకిలీ పట్టిన రోజు

మా ముత్తాత పెద్ద ఓబుళరెడ్డి జమ్మలమడుగు దగ్గర మా ఊరికి మునసబు. ఆయన అరుగు మీద కూర్చుంటే వీధిలో పోయే ఎద్దులు కూడా మెడగంటలు మోగకుండా నడిచేవని మా ఇంట్లో చెప్పుకుంటారు. మా తాత గంగిరెడ్డి గుర్రం దిగకుండానే పంచాయితీలు తీర్చాడు. గుర్రం పోయింది, మునసబీ పోయింది. జరీ తలపాగా, వంగని నడుము మాత్రం నాదాకా వచ్చాయి. వాటి పరువును ఒక్క పూటలో, ఊరందరి ముందర, మూరెడు దారంతో ఎట్లా పోగొట్టానో చెబుతాను. నవ్వు వస్తే నవ్వండి, కాని తల పక్కకు తిప్పుకొని నవ్వండి.

ఆంధ్ర రాష్ట్రం వచ్చిన కొత్తలో బడిలో చదువుతోపాటు తకిలీ అనే చిన్న చేతికదురు మీద నూలు వడకడమూ నేర్పేవారు. నాలుగో తరగతిలో ఉన్న నా కూతురు ఓబులమ్మ తాను వడికిన నూలును ఇన్‌స్పెక్టరుకు చూపాలి. అది బాగాలేకపోతే ఐదుకు పోదు. ఐదుకు పోకపోతే బడే మాన్పిస్తానని మా అమ్మ పంతం.

బడి అయ్యవారు దావీదు మా ఇంటికి వచ్చి చెప్పాడు. "రెడ్డీ, పాపకు మీరేమీ చేసియ్యొద్దు. దినామూ కొంచేపు పక్కన కూసోండి, సాలు."

పక్కన కూర్చోవడమా! గంగిరెడ్డి మనవడు నేలమీద కూర్చుని దూది చూడడమా! పైగా ఓబులమ్మ దారం మంచానికి అల్లే నులక మాదిరి ఉంది. మా ఇంటి పిల్ల చేతిలో నులకా? ప్రొద్దుటూరు బస్సెక్కాను.

నూలంగడి సాయెబు అడిగాడు. "ఎన్ని మగ్గాలకప్పా?"

నాలుగో తరగతికి అని ఎట్లా చెప్పను? "శానా సన్నంది ఇయ్యి. ఊరికే అడగొద్దు," అన్నాను.

ఆ మిల్లు నూలును తకిలీకి చుడుతుంటే ఓబులమ్మ చూసింది.

"ఏంది నాయనా చేస్తాండావు? అది నాది కాదు."

"ఊరుకో. ఇది వంశం మాట."

"వంశం వడికిందా?"

ఇన్‌స్పెక్టరు వచ్చిన రోజు పెద్దలనూ పిలిచారు, మా అమ్మా వచ్చింది. ఆయన కోస్తా మనిషి. ఓబులమ్మ నూలును వెలుగులోకి ఎత్తి మురిసిపోయాడు. "వెంట్రుకలా ఉందే! ఎవరు నేర్పారమ్మా?"

పిల్ల నోరు తెరవకముందే నేను లేచాను. "మేమే సార్. ఇంటికాడ, దినామూ."

"తండ్రి అంటే మీలా ఉండాలండీ! ఇలా వచ్చి ఎలా నేర్పారో వడికి చూపించండి. మిగతావాళ్ళూ తెలుసుకుంటారు."

తకిలీ నేనెప్పుడూ తిప్పి ఎరగను. కాని అంతమంది ముందర రాదని చెప్పడం మా ఇంట్లో ఎవరికీ అలవాటు లేదు. కూర్చున్నాను. మీసం తిప్పినట్టు తకిలీని తిప్పాను. అది కోడిపిల్ల మాదిరి గెంతి బల్ల కిందికి దూరింది. తెచ్చి ఇచ్చారు. మళ్ళీ తిప్పాను, దూది ఏకు చేతిలోనే తెగింది. ఇంకోసారి తిప్పితే దారం తలపాగా కుచ్చుకు చుట్టుకుంది. తల ఎత్తితే తకిలీ వస్తోంది, తకిలీ లాగితే తలపాగా వస్తోంది. ఎవరూ నవ్వలేదు. నవ్వి ఉంటే బాగుండేది.

ఇన్‌స్పెక్టరు మొదటి నూలును వేళ్ళ మధ్య నలిపి చూశాడు. ముఖం మారింది.

"ఇది మిల్లు నూలు." కలం తీశాడు. "ఈ పిల్ల పేరేమిటి?"

వెనకనుంచి మా అమ్మ గొంతు లేచింది. "తప్పిందా? అయితే రేపట్నించి బర్రెల కాడికే."

అయ్యవారు తల వంచుకున్నాడు. అప్పుడు ఓబులమ్మ వచ్చి నా తలపాగాలోంచి తకిలీని విడదీసింది.

"చెయ్యి తియ్యి నాయనా."

కూర్చుని వడికింది. అదే నులక.

"తాడు పేనుతున్నావా అమ్మా?" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"లావే సార్. తెగదు. గుంజి సూడు."

ఆయన గుంజాడు. ఇంకా గట్టిగా గుంజాడు. తెగలేదు. ఆ పిల్లను ఒక్క క్షణం చూసి, "ఐదో తరగతి," అని రాసుకున్నాడు.

బయటికి వచ్చాక మా అమ్మ నన్ను కిందినుంచి పైదాకా చూసింది. "బడి మాన్పియ్యాల్సింది దాన్ని గాదురా, నిన్ను."

మా తాత ముత్తాతల మీద ఒట్టు వేసి చెబుతున్నాను: నా బిడ్డ చేసే పనిలో నా చెయ్యి ఇక దూరదు. అడిగితే ఏకు అందిస్తాను, అంతే.

ఓబులమ్మ పెద్దబడిలో చేరిన యేడు, ఆ చదువు ఖర్చుకని, ముద్దనూరు దారిలోని మా తాతల నాటి చింతతోపు అమ్మినాము.