కళాయి పూయించిన తర్వాత

మా మనవరాలు మొదటిసారి ఎక్కం మధ్యలో ఆగిపోయిన రోజు నా డైరీలో ఇలా ఉంది: "ఏడార్లు దగ్గర ఆగింది. నిద్ర వచ్చిందేమో."

నిద్ర రాలేదు. కళ్లు తెరిచే ఉన్నాయి. నా భుజం మీదుగా వెనక గోడను చూస్తోంది. తిరిగి చూశాను. సున్నం గోడ, అంతే.

"ఏమ్మా, ఏం చూస్తాండావు?"

"నేనేమన్నా చెప్తాంటినా తాతా?" అంది.

ఎనిమిదేళ్ల పిల్ల. మా అమ్మాయి, అల్లుడు ఎమ్మిగనూరులో మగ్గం నేస్తారు. చదువు కోసం పిల్లను ఆదోనిలో మా దగ్గర ఉంచారు. జిన్నింగు మిల్లులో గుమాస్తాగా రిటైరైన నాకు, రోజూ సాయంత్రం ఎక్కాలు అప్పజెప్పించుకుని ఎంతవరకు వచ్చిందో రాసుకోవడం అలవాటు. అంతకుముందు పదహారో ఎక్కం దాకా తడబడకుండా చెప్పేది.

ఆగిపోవడం ఎక్కువైంది. అన్నం ముద్ద నోటి దగ్గర పెట్టుకుని అలాగే ఉండిపోయేది. కడుపునొప్పి అనేది. "బెంచీ మీద కూర్చునే ఉంటుంది, కానీ ఇక్కడ ఉండదు" అంది బడిలో పంతులమ్మ. పొరుగింటావిడ గొంతు తగ్గించి "ఏదో సోకినట్టుండాదప్పా, మంత్రాలయం పిల్చకపోండి" అంది. పోయి వచ్చాం. ఏమీ మారలేదు.

వేసవి సెలవుల్లో పిల్ల ఎమ్మిగనూరు వెళ్లింది. నెల దాటాక అమ్మాయి ఫోన్ చేసింది.

"నాయనా, ఈడ కొంచెం మేలుగుండాది. కడుపునొప్పి అంటాలేదు. మీ ఇంట్లోనే ఏమో ఉండాది."

మా ఇంట్లో ఏముంది? డైరీలు ముందేసుకుని, పిల్ల ఆగిన ప్రతి రోజుకూ ఎర్ర చుక్క పెడుతూ పోయాను. చుక్కలు దగ్గరపడే కొద్దీ ఇంకొకటి కనిపించింది. నా వాక్యాలూ తెగిపోయి ఉన్నాయి. "సాయంత్రం బజారుకు పోయి" అని ఉంది, తర్వాత ఖాళీ. ఒక పేజీలో అన్నం, చారు తిన్న సంగతి మూడుసార్లు, అవే మాటల్లో ఉంది. దస్తూరీ నాదే. రాసిన జ్ఞాపకం లేదు.

డైరీలు తీసుకుని ఎమ్మిగనూరు వెళ్లి, పిల్లనూ, ఆ ఎర్ర చుక్కలనూ డాక్టరుకు చూపించాం. ఆయన బొమ్మలు, గోడల రంగు, కాటుక, సిందూరం, పాత బ్యాటరీలు, అన్నిటి గురించీ అడిగాడు. అలాంటివేమీ కొత్తగా రాలేదన్నాం.

"చుక్కలు మొదలయ్యే ముందు ఇంట్లో ఏం మారింది?"

అది డైరీలో ఉంది. ఇత్తడిలో వండుకుంటే పిల్లలకు బుద్ధి పెరుగుతుందని ఫోన్లో ఒక వీడియో చూసి, అటక మీది మా అమ్మ గిన్నెలు దింపించాను. "స్టీలు గిన్నెలు మీకేం అన్యాయం చేసినాయి? వయసు ఎనక్కి పోతాందా ఏం?" అని నా భార్య ఎగతాళి చేసింది. గిన్నెల లోపల తగరం పూత వేసే కళాయి మనిషి వీధిలోకి వచ్చి "తగరం కొంచెం తక్కువ రకమప్పా, మెరుపు మటుకు అదే" అన్నాడు. మెరుపు చాలన్నాను. ఆ రోజు నుంచి చింతపండు చారు ఆ గిన్నెలోనే కాగింది, పొద్దుటిది సాయంత్రం దాకా అందులోనే నిలిచింది.

గిన్నె పూతలో సీసం ఉందని పరీక్షలో తేలింది. పిల్ల నెత్తురులోనూ, నా నెత్తురులోనూ, కొంత తక్కువగా నా భార్య నెత్తురులోనూ ఉంది. పులుపు దాన్ని కొద్దికొద్దిగా చారులోకి దించిందట. రంగు లేదు, వాసన లేదు. రోజూ పిల్లకు రెండో గరిట నేనే వడ్డించేవాణ్ణి.

"నెత్తురులోది తగ్గుతుంది. పిల్ల ధ్యాస ఎంత తిరిగొస్తుందో ఇప్పుడే చెప్పలేను. పిల్లల మెదడు మీద దెబ్బ ఎక్కువ" అన్నాడు డాక్టరు.

బయటికొచ్చాక అమ్మాయితో "గిన్నెలు దింపించింది నేనే, పూయించింది నేనే" అన్నాను. అమ్మాయి డైరీలు నా చేతిలో పెట్టింది.

"పిల్ల ఈడ్నే సదువుకుంటాది నాయనా" అంది.

ఇప్పుడు సాయంత్రాలు ఫోన్లో అప్పజెబుతోంది. నిన్న తొమ్మిదో ఎక్కం. తొమ్మిదార్లు యాభై నాలుగు అంది. తర్వాత మాట లేదు. వెనక మగ్గం చప్పుడు వినిపిస్తూనే ఉంది కాబట్టి లైను తెగలేదు. తర్వాతి మాట అందించకుండా ఓపిక పట్టాను.

"తాతా, పలకవేం?"

"నువ్వు చెప్పమ్మా, నేను ఇంటానే ఉండా."

"అంతా చెప్పేస్తిని గదా తాతా. ఎప్పుడో అయిపోయ. నువ్వే పలుకుతాలేవు."

డైరీలో రాశాను: తొమ్మిదో ఎక్కం పూర్తిగా చెప్పింది. నేను విన్నది ఆరు దాకా.