తండ్రి చేపకు రీటేక్

ఆ రోజుల్లో నాకు ఈత రాదు, సిగ్గూ రాదు. కెమెరా ఒక్కటీ బాగా వచ్చనుకునేవాణ్ని. ఇరవై మూడేళ్ల వయసు. మల్కాజ్‌గిరిలో పెళ్లి వీడియోలు తీసే ఒక స్టూడియోలో షూటింగూ ఎడిటింగూ రెండూ నా నెత్తినే ఉండేవి. మా ఓనరును అందరూ 'ఇంకోపారన్న' అనేవారు. ఆయన ఏ తంతునూ ఒక్కసారితో పోనిచ్చేవాడు కాదు మరి. "తమ్మీ, దండ ఇంకోపారి వెయ్, జెర ఇటు చూస్కుంట" అని పెళ్లికొడుకు చేత మూడుసార్లు వేయించేవాడు. ఒకచోట అప్పగింతల్లో వెక్కివెక్కి ఏడుస్తున్న పెళ్లికూతురిని ఆపి, "అమ్మా, ఫోకస్ రాలే, ఇంకోపారి ఏడ్వు" అన్నాడు. (పాపం, ఆ పిల్ల మొదటిసారి కన్నా బాగా ఏడ్చింది.) నేను ఆయన శిష్యుణ్ని. గురువును మించిపోవాలన్న దుగ్ధ కూడా ఉండేది.

అటువంటి నాకు సముద్రం పిచ్చి పట్టింది. ఫోనులో ఎవరో తీసిన తాబేలు వీడియో చూసి, ఇక నా బతుకు నీళ్ల అడుగునే అని తీర్మానించుకున్నాను. తిరుమలగిరిలో ఒక ఈత కొలనులో రెండు నెలలు నీళ్లు మింగాను, కాస్త ఈత కూడా నేర్చాను. ఇంట్లో అందరూ నవ్వారు. నవ్వనిది మా చిన్నమ్మ ఒక్కతే. అమ్మ చెల్లెలు, నేరేడ్‌మెట్‌లో బడి టీచరు, జీవశాస్త్రం చెప్పేది. "పోయిరా బిడ్డా. నువ్వు తీసింది మా క్లాసు పిల్లలకు చూపిస్తా" అంది. ఆ మాట పట్టుకుని అండమాన్ వెళ్లి, నీళ్ల అడుగున వీడియో తీయడం నేర్పే పది రోజుల శిక్షణలో చేరాను.

నేర్పేవాడు నౌకాదళంలో పనిచేసి వచ్చిన విశాఖ మనిషి. మేం కెప్టెన్ అనేవాళ్లం. ఆయన పాఠమంతా ఒక్కటే: "చేతులు కట్టుకుని చూడండ్రా బాబూ. అది చేసేది దాన్ని చెయ్యనివ్వండి. మనం పిలవని చుట్టాలం." ఆఖర్న ఇంకో మాట కూడా చెప్పాడు. ముగ్గురు శిష్యుల్లో ఎవరి మూడు నిమిషాల సినిమా బాగుంటే వాళ్లను వచ్చే సీజనుకు అసిస్టెంటుగా పెట్టుకుంటానన్నాడు. ఆ ఉద్యోగం రాకపోతే మళ్లీ దండలూ అప్పగింతలేనని నాకు గుండె దడ పట్టుకుంది.

ఆఖరి రోజు పొద్దున నాకు అదృష్టం పండింది. అనిమోన్ అని, జడకుచ్చుల్లా ఊగే ఒక సముద్రజీవి. దాని పక్కన రాతి మీద చిన్న చిన్న గుడ్లు. వాటికి కాపలాగా నారింజ ఒంటి మీద తెల్లపట్టీలున్న తండ్రి చేప. గుడ్లకు గాలి ఆడాలని రెక్కలతో విసురుతూ ఉంది. తీశాను, చెయ్యి వణికింది. గుడ్లను దగ్గరగా తీద్దామంటే చేప అడ్డం. మండపం ముందు అడ్డంగా నిలబడ్డ మేనమామను జరిపినట్టు అరచేత్తో జరిపాను. అది వచ్చి వేలు కొరికింది. ఇంకోపారి. మళ్లీ వచ్చింది. ఇంకోపారి. ఆ చివరిసారి కెమెరాతోనే గట్టిగా తోశాను. ఆ సందులో సన్నటి చేపలు నాలుగు రాతి మీదికి వచ్చాయి. ఆహా, ఫ్రేములోకి అతిథులు కూడా వచ్చారని మురిసిపోతూ తీశాను. కెప్టెన్ అవతల మరో శిష్యుడి దగ్గర ఉన్నాడు. తర్వాత తండ్రి చేప తిరిగివచ్చి రెక్కలు విసరడం మొదలుపెట్టింది. అన్నిట్లోకీ చెయ్యి వణక్కుండా తీసింది ఆ షాటే.

మల్కాజ్‌గిరి తిరిగొచ్చి పెద్ద తెర మీద చూసినప్పుడు గాని అతిథులు ఏం చేస్తున్నారో అర్థం కాలేదు. గుడ్లు తింటున్నారు. ఇంకోపారి తిప్పి చూసినా తింటూనే ఉన్నారు. అయినా పప్పు చాలలేదని అలిగిన పెదనాన్నలను పెళ్లి వీడియోల్లోంచి ఎంతమందిని కోసిపారేసిన చెయ్యి నాది! ఆ ముక్క కూడా కోసేశాను. నీళ్లలో పోయిన ఎరుపును తిరిగి తెద్దామని పెళ్లికూతుళ్ల బుగ్గలకు వేసే రంగు పెంచితే చేప కుంకుమ భరిణెలా తయారైంది. వెనక సన్నాయి పెట్టి, తీసుకెళ్లి చిన్నమ్మకు చూపించాను.

ఆమె కళ్లద్దాలు సర్దుకుని చూసింది. "ఏందిరా గిది? మొదట్ల గుడ్లున్నయి. ఆఖర్ల రాయి ఉత్తగున్నది. పిల్లలేడబోయినయి?"

"గుడ్లు పగిలి బయటికొచ్చినయి చిన్నమ్మా."

"ఇవి పగిలేది చీకటి పడ్డంక రా. నువ్వు పొద్దుగాల తీసినంటివి."

తల వంచుకుని జరిగిందంతా చెప్పాను. తిడుతుందనుకున్నాను. ఆమె ఆ ఖాళీ రాయి ముక్కను వెనక్కి జరిపి మళ్లీ పెట్టింది. విసిరి విసిరి అలసిపోయినా ఆ చేప ఆపడం లేదు. "అయ్యో, దానికింక తెల్వదు గదరా" అంది. తర్వాత, "చేసింది చేసినవ్. కోసింది సుత మళ్ల పెట్టు. నేర్చుకునేటోళ్లకు గదే కావాలె" అంది.

సరేనని స్టూడియోకు వచ్చాను. వచ్చి నేను చేసిందేమిటో చెప్పడానికి ఇప్పటికీ నోరు రావడం లేదు. ఆ ఖాళీ రాయి షాటు కూడా తీసేసి, మొదట తీసిన గుడ్ల షాటునే చివర ఇంకోపారి అతికించి కెప్టెన్‌కు పంపాను. చిన్నమ్మ చెప్పకపోతే ఆ తప్పు నా కంట పడేదే కాదు. ఆమె నిజాయితీని అలా వాడుకున్నాను.

వారానికి కెప్టెన్ ఫోను. "ఏం ఓపికరా నీది! అక్కడ నువ్వున్నట్టే దానికి తెలీలేదు. వచ్చెయ్." ఉద్యోగం వచ్చింది. చిన్నమ్మ, "కోసింది మళ్ల పెట్టినవా?" అంది. "పెట్టిన" అన్నాను. ఆమె స్టాఫ్‌రూములో అందరికీ లడ్డూలు పంచింది. నాకూ ఒకటి దాచి తెచ్చింది. దాన్ని తినడానికి పట్టినంత సేపు నాకు మూడు పూటల భోజనానికి కూడా పట్టలేదు.

ఇప్పుడు నేనే కొత్తవాళ్లకు నేర్పుతున్నాను. నీళ్ల అడుగున ఎవరు చేప వైపు చెయ్యి చాచినా టక్కున పట్టి వెనక్కి లాగుతాను. పైకి వచ్చాక వాళ్లు, "చేపలంటే మీకెంత ప్రేమ సార్!" అంటారు. ఆ లడ్డూ తిన్న కుర్రాడు గుర్తొచ్చి నవ్వొస్తుంది, వాడి చెవి మెలెయ్యాలనీ అనిపిస్తుంది. అసలు సంగతి వాళ్లకు చెబుదామంటే నీళ్లలో మాట రాదు, ఒడ్డుకొచ్చాక నోరు రాదు.