పీట మీద అక్క

తెలంగాణ వచ్చిన కొత్తలో, ఒక వేసవిలో, మా అక్కకు ఒడిబియ్యం పోశాం. ఆడబిడ్డను పుట్టింటికి పిలిచి, కొత్త చీర కట్టించి, ఒడి నింపి అత్తగారింటికి పంపడం మా వైపు బేసి ఏళ్లలో చేసుకునే పని. నల్లగొండలో మా ఇంటి నడిమింట్లో అమ్మ ముగ్గు వేసి పీట పెట్టింది. పసుపు కలిపిన బియ్యం, ఎండుకొబ్బరి కుడుకలు, ఖర్జూరాలు, తమలపాకులు పళ్లెంలో సర్దింది. అక్క పీట దగ్గరికి వచ్చి ఆగిపోయింది.

"తమ్మీ, కుర్చీ ఎయ్" అంది మెల్లగా.

ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి వేశాను. అక్క కూర్చుని కొంగు పరుచుకుంది. నేనూ నా భార్యా దోసిళ్లతో బియ్యం పోశాం. పోసిన బియ్యం పోసినట్టే కిందికి జారింది. అప్పటికి అక్క ఒళ్లు పెరిగి, కూర్చుంటే కడుపు మోకాళ్ల దాకా వచ్చేది. కొంగులో బియ్యం నిలవడానికి జాగా లేదు. అమ్మ ఒక పక్క, మేనత్త ఒక పక్క కొంగు అంచులు ఎత్తి పట్టుకున్నారు. అయినా సగం బియ్యం ముగ్గు మీద పడింది.

"అయ్యో, ఒడి నిలుస్తలేదు గదనే" అంది మేనత్త.

"ఒడి ఉంటె గద అత్తా, నిలిచేటందుకు!" అని అక్కే నవ్వింది. అందరూ నవ్వారు. అమ్మ ఒక్కతే నవ్వలేదు. నేల మీద కూర్చుని గింజ గింజా ఏరింది. ఒడిలోంచి బియ్యం కింద పడడం మంచిది కాదని ఆ ఇంట్లో అందరికీ తెలుసు.

తర్వాత వంటింట్లో మొహం కడుక్కుంటూ అక్క నాతో అంది: "నేను కింద కూసోక ఎన్నేండ్లాయెనో తమ్మీ. కూసుంటె మల్ల లేస్తనో లేవనో అని భయం."

అక్కను పోచంపల్లిలో నేతపని ఇంటికి ఇచ్చాం. బావది గుంటమగ్గం. నేలలో తవ్విన గుంటలోకి కాళ్లు దించి, గట్టు మీద కూర్చుని నేయాలి. నేసిన బట్ట చుట్టుకునే కర్ర సరిగ్గా ఒడి మీదికి వస్తుంది. పెళ్లయిన కొత్తలో అక్క ఆ పని నేర్చుకుంది. బావ దారాన్ని అక్కడక్కడ బిగించి చిటికి కట్టి, రంగులద్ది తెచ్చి ఇస్తే, పువ్వు పువ్వుకు అంచు కలిసేలా నేసేది. రెండో కాన్పు తర్వాత ఒళ్లు రావడం మొదలైంది. ఆ తర్వాత థైరాయిడ్, షుగరు, బీపీ ఒకదాని వెనక ఒకటి వచ్చాయి. పేపర్లో చూసినదీ, పక్కింటివాళ్లు చెప్పినదీ అన్నీ చేసింది. రాత్రిపూట అన్నం మానేసి రొట్టె తిన్నది. మెంతులు నానబెట్టి తాగింది. తగ్గిన బరువు నాలుగు నెలల్లో వడ్డీతో వచ్చేది. మోకాళ్లు అరిగాక నడక కూడా ఆగిపోయింది.

కడుపు బట్టకు తగిలి పని సాగడం లేదని బావ ఒకసారి మగ్గం గుంటను వెనక్కి తవ్వి పెద్దది చేశాడు. అప్పుడు అక్క చేతులు ముందుకు అందలేదు. రెండు రోజులు ప్రయత్నించి ఆపేసింది. ఆ తర్వాత గడప దగ్గర కుర్చీలో కూర్చుని, లోపల బావ నేస్తుంటే వింటూ ఉండేది. తెగిన దారం చప్పుడు కూడా ఆమెకు తెలిసిపోయేది. "ఎడమదిక్కు పోయింది సూడు" అని కుర్చీలోంచే చెప్పేది.

బరువు తగ్గించే ఆపరేషన్ మాట ముందు అక్కాబావల బిడ్డ ఎత్తింది. తన ఉద్యోగంలో తల్లిదండ్రులకు కూడా బీమా ఉందని, హైదరాబాద్‌లో డాక్టరును చూద్దామని అంది. నేను రెండు మూడు దవాఖానల్లో తిరిగి అడిగాను. పేపరు ఆఫీసులో పనిచేస్తూ అలవాటైన అనుమానం నాది. బరువు తగ్గిస్తామనే ప్రకటనలు ఎన్నో అచ్చు కావడం చూసినవాణ్ణి.

చివరికి ఒక డాక్టరు ముందు అక్కతో పాటు నేనూ కూర్చున్నాను. నడివయసు మనిషి, తొందర లేదు. కడుపులో ఎక్కువ భాగం తీసేసి, అరటికాయంత సంచి మిగులుస్తామని కాగితం మీద బొమ్మ గీశాడు. షుగరు బాగా అదుపులోకి రావచ్చు, కొందరికి మందులు పూర్తిగా ఆగుతాయి, బీపీ తగ్గుతుంది, నిద్రలో ఊపిరి ఆడకపోవడం తగ్గుతుంది అన్నాడు. అదే గొంతుతో మిగతాదీ చెప్పాడు. కొద్దిమందికి కుట్టు దగ్గర లీకు కావచ్చు, రక్తం పోవచ్చు. విటమిన్ మాత్రలు బతికినన్నాళ్లూ వేసుకోవాలి. పాత తిండికి వెళ్తే బరువు మళ్లీ వస్తుంది.

అక్క అంతా విన్నది. "గదంత మంచిగనే ఉంది సార్. మరి నేను కింద కూసుంటనా?"

"కింద అంటే?"

"నేల మీద. మగ్గం గుంటల కాళ్లు వెట్టి."

డాక్టరు కలం పక్కన పెట్టాడు. "బరువు దిగితే మోకాళ్ల నొప్పి తగ్గుతుందమ్మా. కానీ అరిగిన కీలు కొత్తది కాదు. కూర్చుంటారని మాట ఇవ్వలేను."

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో అక్క కిటికీ పక్కన కూర్చుంది. ఊళ్లు దాటాక, "మాటియ్యలేదు గద, మంచి డాక్టరే తమ్మీ. చేపిచ్చుకుంట" అంది.

అమ్మ ఒప్పుకోలేదు. "దేవుడిచ్చిన కడుపును కోసి పారేస్తరా? నేను తినవెట్టి పెంచిన కడుపు గది" అని ఏడ్చింది. నేను షుగరు గురించి, గుండె గురించి చెప్పబోయాను. "నీ పేపర్ల ముచ్చట్లు నాకు చెప్పకు" అంది. ఆపరేషన్ రోజు దవాఖానకు రాలేదు. దేవుడి దగ్గర దీపం పెట్టుకుని కూర్చుందని నా భార్య చెప్పింది.

ఆపరేషన్ బాగానే జరిగింది. మొదటి కొన్ని వారాలు అన్నీ నీళ్లలాంటివే తాగాలి, గుక్క గుక్కగా. అక్కను చూసుకోవడానికి అమ్మ పోచంపల్లి వెళ్లింది. ఆ వారాలు గడవక ముందే, బిడ్డ మొహం పీక్కుపోయిందని, నెయ్యి వేసి మెత్తగా కలిపిన అన్నం రెండు ముద్దలు నోట్లో పెట్టింది. అమ్మ పెడుతుంటే అక్క వద్దనలేకపోయింది. తర్వాత గోడ పట్టుకుని వాంతి చేసుకుంది. కడుపు నొప్పితో వంకర్లు పోయింది. దవాఖానకు తీసుకెళ్లి చూపించాం, కుట్టుకు ఏమీ కాలేదన్నారు.

మర్నాడు అమ్మ నాకు ఫోన్ చేసింది. "అటుక మీద ఇత్తడి ఉగ్గుగిన్నె ఉంటది, పట్టుకరా."

మా ఇద్దరికీ చిన్నప్పుడు ఉగ్గు పెట్టిన గిన్నె అది. నేను చింతపండుతో తోమించి తీసుకెళ్లాను. అమ్మ పెసరపప్పు కట్టు వడగట్టి, ఆ గిన్నెలో పోసి, చెంచాతో పట్టింది.

"అమ్మా, నాకు మనుమలు పుట్టె ఈడొచ్చింది."

"వస్తె రానీ. నోరు తెరు."

అప్పటి నుంచి అమ్మ కొలత ఆ గిన్నెదే. డాక్టరు చెప్పిన లెక్కలు ఆమెకు ఎక్కలేదు గానీ, గిన్నె దాటి ఒక చెంచా ఎక్కువ పెట్టలేదు.

తేలికగా గడిచిన కాలమని చెప్పలేను. నాలుగో నెలలో జుట్టు కుచ్చులు కుచ్చులుగా రాలింది. చర్మం వదులై చేతుల కింద వేలాడింది. వాడకట్టులో ఒకాయన నన్ను పక్కకు పిలిచి, "మీ అక్కకు ఏం రోగం? నాకైనా చెప్పరాదు" అన్నాడు. సన్నబడిన మనిషిని చూసి సంతోషించే అలవాటు మా ఊళ్లలో ఇంకా రాలేదు. ఒక పెళ్లి దావత్‌లో వడ్డిస్తున్న ఆ ఇంటి ఇల్లాలు ఆకు నిండా మటన్ వేసింది. అక్క చేయి అడ్డం పెడితే, "మా ఇంట్ల తినొద్దని ఒట్టు వెట్టుకున్నవా ఏందే?" అని దెప్పింది. అక్క ఒక్క ముక్క తీసుకుని, బంతి లేచేదాకా నములుతూ కూర్చుంది. ఆకులో మిగిలింది చూసి ఆ ఇల్లాలు చాలా రోజులు మాట్లాడలేదు.

మంచి కూడా మెల్లమెల్లగానే వచ్చింది. ముందు ఇన్సులిన్ సూది ఆగింది. తర్వాత షుగరు మాత్రలు తగ్గాయి, బీపీ మాత్ర సగమైంది. బావ ఒకరోజు నాతో గుసగుసగా చెప్పాడు. "మీ అక్క నిద్రల గురక వెడ్తలేదు బామ్మర్దీ. సప్పుడు లేకుంటె భయమై లేపి సూస్తున్న. లేపితె తిడ్తాంది." బస్సు మెట్లు తానే ఎక్కడం మొదలుపెట్టింది. నల్లగొండ బస్టాండ్ నుంచి మా ఇంటికి ఆటో ఎక్కకుండా నడిచి వచ్చిన రోజు, వాకిట్లో నిలబడి, ఎవరైనా గమనించారా అన్నట్టు మా అందరి మొహాలూ చూసింది.

ఏడాది దాటాక బావ ఎర్రమట్టి తెచ్చి, మగ్గం గుంటలో తను అదనంగా తవ్విన మేర పూడ్చాడు. తడిపి, దిమ్మిస కొట్టి, పేడతో అలికాడు. ఆరాక అక్కను పిలిచాడు. ఆ రోజు నేను అక్కడే ఉన్నాను. అక్క గోడ పట్టుకుని వంగింది. ఎడమ మోకాలు ఆనింది, తర్వాత కుడిది. కాళ్లు గుంటలోకి దించింది. బట్ట చుట్టిన కర్రకూ కడుపుకూ మధ్య అరచేయి పెట్టి చూసుకుంది. చేయి పట్టింది. దారపు కండె ఉండే నాడె అందుకుని నాలుగు పోగులు వేసింది, ఆగింది, మళ్లీ వేసింది. బావ బయటికి వెళ్లిపోయాడు.

లేవడం మాత్రం కాలేదు. బావ వచ్చి చంకల కింద చేతులు వేసి లేపాల్సి వచ్చింది. "కూసునుడు వచ్చింది. లేసుడు ఇంక రాలె" అంది అక్క. ఆ తర్వాత చాలా కాలం అట్లాగే జరిగింది. బావ ఇంట్లో ఉంటేనే మగ్గం ఎక్కేది.

అమ్మ ఆ కింద పడిన బియ్యాన్ని మరిచిపోలేదు. "బేసి ఏడు రానీ, మల్ల ఒడి నింపుత. ఈపారి పీట మీదనే" అనేది. ఆ ఏడు రాకముందే, ఒక చలికాలం, అమ్మ పోయింది. జ్వరం వచ్చి వారంలోనే. ఊపిరితిత్తులు అన్నారు. దినాలయ్యాక అమ్మ వస్తువుల్లో ఏం కావాలని అక్కను అడిగితే ఉగ్గుగిన్నె తీసుకుంది. ఇప్పటికీ అన్నం దాంట్లోనే కలుపుకుంటుంది.

సంవత్సరీకం అయ్యేదాకా ఇంట్లో శుభం చేయలేదు. ఆ తర్వాత వచ్చిన బేసి ఏడులో అక్కను పిలిచాం. అదే నడిమిల్లు. ముగ్గు నా భార్య వేసింది. పీట వేశాక నేను అలవాటు కొద్దీ కుర్చీ కూడా తెచ్చి గోడకు ఆనించి పెట్టాను. అక్క దాన్ని చూసి, "గదెందుకు తమ్మీ, తీసెయ్" అంది.

పీట మీద మెల్లగా కూర్చుంది. ఒక కాలు పూర్తిగా మడవలేదు, కొంచెం చాపి పెట్టింది. కొంగు పరిచింది. వయసు మీదపడిన మేనత్త కళ్లద్దాలు సర్దుకుని పక్కనే కూర్చుంది. "గీ బక్కపోరి ఎవరే? మా పిల్ల ఏది?" అంది. అక్క నవ్వలేదు. కొంగు వైపే చూస్తోంది.

నేను దోసిలి వంచాను. పసుపు బియ్యం ఒడిలో పడి, కొంచెం పరుచుకుని, నిలిచింది. నా భార్య పోసింది. ముత్తయిదువలు పోశారు. కుడుకలు, ఖర్జూరాలు, పోకలు ఒకదాని మీద ఒకటి. కొంగు బరువెక్కింది. నా భార్య అంచులు కలిపి నడుముకు ముడివేసింది.

ఇక లేచి, ఆ మూటతోనే దేవుడి దగ్గరికి వెళ్లి మొక్కాలి. బావ గుమ్మం దగ్గర నిలబడి రెండడుగులు ముందుకు వేశాడు. నేను చేయి చాచాను. అక్క తల అడ్డంగా ఊపింది. ఎడమ చేత్తో మూటను పొదివి పట్టుకుని, కుడి అరచేయి నేలకు ఆనించింది. ఒక మోకాలి మీదికి వచ్చింది. అక్కడ ఆగింది. మొహంలో నొప్పి కనిపించింది. మరోసారి ఊపిరి తీసుకుని లేచింది. నిలబడి, మోకాళ్లు స్థిరపడేదాకా ఆగి, దేవుడి అర్ర వైపు నడిచింది.

మేనత్త ముగ్గు చుట్టూ చూసింది. అది చాలక వంగి, పీట ఎత్తి దాని కింద చూసింది.

"ఒక్క గింజ లేదు" అంది.